పక్క వీధి పిల్లల మాట
(దర్శకుడు వసంతబాలన్ గారికి బహిరంగ లేఖ)



మీ విరుదునగర్‌కీ నేనుండే కోవిల్‌పట్టికీ మధ్య బస్సులో గంట, గంటంబావు ప్రయాణం. నడుమ సాత్తూర్ ఒక్కటే పెద్ద ఊరు. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. తమిళంలో రాయలేక కాదు, నేను చదువుకున్నదంతా తమిళమే. తెలుగు అక్షరాలు నాకు బళ్ళో రాలేదు, పెళ్ళయ్యాక పెద్దబాలశిక్ష తెప్పించుకుని దిద్దుకున్నాను. అయినా తెలుగులోనే ఎందుకంటే, నేను అడగబోయేది ఆ భాష గురించే. ఎవరైనా దీన్ని పైకి చదివితే, విని మీకు తమిళంలో చెప్పగలిగినవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు. బహుశా మీ పక్క వీధిలోనే ఉన్నారు.

తెలుగు పాఠకుల కోసం ముందు నాలుగు ముక్కలు. ‘వెయిల్’ 2006 డిసెంబరులో వచ్చిన తమిళ సినిమా. వెయిల్ అంటే ఎండ. విరుదునగర్‌లో మాంసం కొట్టు నడుపుకునే ఒకాయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మురుగేశన్ బడి ఎగ్గొట్టి ఎం.జి.ఆర్. సినిమాకి పోయి తండ్రికి దొరికిపోతాడు. తండ్రి వాడి బట్టలు విప్పదీసి, కట్టేసి, మండే ఎండలో నలుగురూ చూసేలా పడేస్తాడు. ఆ అవమానం మోయలేక పిల్లవాడు ఇంట్లో ఉన్న డబ్బూ నగలూ తీసుకుని పారిపోతాడు. వేరే ఊళ్ళో సినిమా హాలు ఆపరేటర్ గదిలో చేరి అక్కడే పెద్దవాడవుతాడు. ప్రేమించిన పిల్ల చచ్చిపోతుంది, హాలు పోతుంది, ఇరవయ్యేళ్ళకు వట్టి చేతులతో ఇంటి గుమ్మం ముందు నిలబడతాడు. ఆ పెద్ద మురుగేశన్ పశుపతి. తమ్ముడు కదిర్ భరత్. ఆ ఏటి ఉత్తమ తమిళ చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. 2007లో కాన్ చిత్రోత్సవంలో వేశారు.

మన సినిమాల్లో పదిహేనేళ్ళ వయసంటే ప్రేమ. పైట, సైకిలు, ఉత్తరం, వాన. తమిళమైనా తెలుగైనా అంతే. ఆ వయసులో ప్రేమకంటే ముందు, ప్రేమకంటే లోతుగా పిల్లల్ని కోసేది సిగ్గు. తండ్రి అందరి ముందు కొట్టిన దెబ్బ, మార్కుల కాగితం, చిరిగిన నిక్కరు. మీరు ఆ సిగ్గు మీద సినిమా తీశారు. అందుకే దాన్ని యువ ప్రాయం మీద మన దక్షిణాదిలో వచ్చిన గొప్ప సినిమాల్లో ఒకటిగా నేను లెక్కపెడతాను, అందులో సగం కథ పెద్దవాళ్ళదే అయినా సరే. ఆ పెద్దవాడు చివరిదాకా ఆ ఎండలో పడున్న పిల్లవాడే కదా.

ఆ సినిమా ఎలా తయారైందో వెనక్కి తిరిగి చూస్తే నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. మీరు శంకర్ గారి దగ్గర ‘జెంటిల్‌మన్’ రోజుల నుంచి సహాయకుడిగా పనిచేశారు. భారీ సెట్లు, వందల మంది డాన్సర్లు, రైళ్ళు, విమానాలు ఉన్న బడి అది. బయటికొచ్చి తీసిన మొదటి సినిమా ‘ఆల్బమ్’ ఆడలేదు. ఆడని సినిమా తీసినవాడికి రెండో సినిమా దొరకడం గగనం. దొరికినా, చేతిలో ఉన్నది కసాయి కొట్టు, ఆపరేటర్ గది, ఎండ. దానికి డబ్బు పెట్టింది శంకర్ గారే, తన ఎస్ పిక్చర్స్ మీద. అంతకు మూడేళ్ళ ముందు, 2003లో, ఆయనే ‘బాయ్స్’ తీశారు. సిద్ధార్థ్, జెనీలియా, నకుల్, ఇవాళ తెలుగులో పెద్ద సంగీత దర్శకుడైన తమన్, మీ కదిర్‌గా వేసిన భరత్, అందరూ అందులోని పిల్లలే. పట్నం పిల్లల సినిమా అది, ఖర్చుకు వెనకాడని సినిమా. బూతుగా ఉందని తిట్లు కూడా గట్టిగానే తిన్నది. ఆ తర్వాత అదే మనిషి సంస్థ నుంచి 2004లో బాలాజీ శక్తివేల్ ‘కాదల్’ వచ్చింది, తెలుగువాళ్ళు ‘ప్రేమిస్తే’ అని చూశారు. 2006లో మీ ‘వెయిల్’. 2007లో మళ్ళీ బాలాజీ శక్తివేల్‌దే ‘కల్లూరి’, తెలుగులో ‘కళాశాల’. అందులో నటించిన పదిహేడేళ్ళ తమన్నాయే అదే ఏడాది శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’లోనూ కనిపించింది. ఒక పెద్ద దర్శకుడు తన సంపాదన తీసుకెళ్ళి చిన్న ఊళ్ళ పిల్లల మీద, కొత్త ముఖాల మీద వరసగా పెట్టడం మామూలు సంగతి కాదు. దాని గురించి ఎవరైనా ఒక పుస్తకం రాస్తే బాగుండును.

సంగీతం జి.వి. ప్రకాశ్‌కుమార్. ఆయనకు అదే మొదటి సినిమా. 1987లో పుట్టినవాడు, అంటే ‘వెయిల్’ విడుదలయ్యేనాటికి పంతొమ్మిదేళ్ళు. మీరు సహాయకుడిగా ఉన్న ‘జెంటిల్‌మన్’లోనే ‘చికుబుకు రైలే’ పాటలో చిన్నపిల్లవాడిగా గొంతు కలిపాడు. పిల్లల కథకి సంగీతం ఇంకా పిల్లతనం పూర్తిగా వీడనివాడి చేతిలో పెట్టడం ఒక దర్శకుడి నమ్మకం. పిల్లలు ఎండలో తిరిగే ఆ పాట వినండి, నా. ముత్తుకుమార్ రాసింది. పెద్దవాళ్ళు చిన్నతనాన్ని తలుచుకుని బెంగపడుతున్నట్టు ఉండదు. అప్పటికప్పుడు ఆడుతున్నట్టే ఉంటుంది.

కెమెరా ఆర్. మధి. ఈ పేరు తెలుగువాళ్ళకి ‘మిర్చి’, ‘శ్రీమంతుడు’, ‘సాహో’ల వల్ల తెలుసు. అవి మెరిసే సినిమాలు. మా కరిసల్ నేల మీద ఆయన చేసింది వేరే పని. కరిసల్ అంటే నల్లరేగడి. కోవిల్‌పట్టి, సాత్తూర్, విరుదునగర్ అంతా ఈ నేలే. వానాకాలంలో కాలు దిగబడుతుంది, ఎండాకాలంలో బీటలు వారుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు నడినెత్తిన ఉంటే ముఖం మీద కళ్ళ గుంటలు నల్లగా పడతాయి, ముక్కు కింద నీడ మీసంలా నిలుస్తుంది. అందుకే కెమెరా పనివాళ్ళు ఆ వేళ వీలైనంత వరకూ షాట్ పెట్టరు. పెట్టాల్సివస్తే పైన తెల్లగుడ్డ పరిచి ఎండని మెత్తబరుస్తారు, కింద నుంచి రిఫ్లెక్టర్ కొట్టి నీడలు చెరిపేస్తారు. ‘వెయిల్’ చూస్తుంటే నాకు ఆ మెత్తదనం కనబడలేదు. పిల్లవాడు పడున్న వీధిలో ఎండ మా వీధిలో కాసినట్టే కాసింది. నేల మీద ఒళ్ళు తగిలితే చుర్రుమంటుందని కూర్చున్న కుర్చీలోనే తెలిసింది. హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ సీను అయ్యేదాకా పంచె అంచు నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు.

ఆపరేటర్ గది గురించి కూడా చెప్పాలి, ఆ పని ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. లోపల బల్బు కాదు, రాగిపూత పూసిన రెండు కార్బన్ పుల్లల మొనలు దగ్గరికి చేర్చి కరెంటు ఇస్తే మధ్యలో నిప్పు అంటుకుంటుంది, ఆ వెలుగే తెర మీద ఎం.జి.ఆర్. పుల్లలు కాలిపోతూ పొట్టివవుతుంటాయి, సందు పెరిగితే బొమ్మ మసకబారుతుంది, హాల్లో ఈలలు మొదలవుతాయి. అందుకని ఒక చెయ్యి ఎప్పుడూ మర మీదే ఉండాలి. రీలు అయిపోవస్తుంటే తెర పైన కుడి మూలన ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో ప్రొజెక్టర్ మోటారు నడపాలి. కొన్ని క్షణాలకి ఇంకో చుక్క, అప్పుడు దీన్ని మూసి దాన్ని తెరవాలి. ఆ రెండు చుక్కల మధ్య రెప్ప వేస్తే హాలు చీకటి. ఇంటి నుంచి పారిపోయిన పిల్లవాడు అలాంటి గదిలో, ఆ వేడిలో, ఊరంతా సంతోషంగా చూసే బొమ్మకి వెనకనుండి కాపలా కాస్తూ పెరిగాడు. ఇటలీవాళ్ళు 1988లో ‘సినిమా పారడైసో’ తీశారు, అక్కడా ఆపరేటర్ గదిలో పెరిగిన పిల్లవాడే. ఆ పిల్లవాడు పెద్ద దర్శకుడై ఊరికి తిరిగి వస్తాడు. మీ మురుగేశన్ ఏమీ కాకుండా తిరిగి వస్తాడు. మా ఊళ్ళలో పిల్లలు ఎక్కువమంది అలాగే తిరిగొస్తారు కనుక నాకు మీ సినిమాయే దగ్గర.

ఇక అసలు మాట.

కోవిల్‌పట్టి, ఎట్టయపురం, సాత్తూర్, విరుదునగర్, రాజపాళయం. ఈ బెల్టులో ఎన్ని ఇళ్ళలో తెలుగు మాట్లాడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ బళ్ళో మీ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలోనే ఉండి ఉంటారు. నాయకర్లు, రెడ్డియార్లు, రాజులు. వాళ్ళే కాదు, చెప్పులు కుట్టి, ఊరు ఊడ్చి బతికిన అరుందతియర్లు కూడా ఇంట్లో తెలుగే. భూమి ఉన్న ఇంట్లోనూ తెలుగే, భూమి లేని గుడిసెలోనూ తెలుగే. గుమ్మం దాటితే తమిళం. బడి తమిళం, కొట్టు తమిళం, గుడి తమిళం, కోపం వస్తే మళ్ళీ తెలుగు. రాసుకోవడానికి లిపి తెలియదు. ఇక్కడ ఐదొందలేళ్ళుగా ఉన్న భాష గొంతులో తప్ప ఎక్కడా లేదు.

పుస్తకాల్లో ఈ మనుషులు ఉన్నారు. కోవిల్‌పట్టికి ఆనుకుని ఉన్న ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళంలో ‘గోపల్లపురం’ రాశారు, దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కి 1991లో సాహిత్య అకాడమీ వచ్చింది. ఆంధ్ర దేశం నుంచి అడవులు దాటి వచ్చి ఈ నల్లనేల దున్నుకున్న జనం కథ అది. ఇక్కడికి దగ్గరి ఆండిపట్టిలో పుట్టిన పూమణి గారి మొదటి నవల ‘పిరగు’ 1979లో వచ్చింది, అందులో అళగిరి చెప్పులు కుట్టే మనిషి. రాజనారాయణన్ గారు 2021 మే నెలలో పోయారు. ఆయన పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు, అది తమిళనాడు పెద్దమనసు. ఈ పుస్తకాల్ని తమిళులు తమ పుస్తకాలుగానే గుండెకు హత్తుకున్నారు.

సినిమాలో మాత్రం ఆ గొంతు వినబడదు. 1959లో ‘వీరపాండియ కట్టబొమ్మన్’ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళని ఎదిరించిన కట్టబొమ్మన్‌ని ఉరి తీసిన కయత్తారు మా కోవిల్‌పట్టికి దక్షిణంగా అదే రోడ్డు మీద ఉంది. ఆయనది తెలుగు మాట్లాడే నాయకర్ల వంశం. తెర మీద శివాజీ గణేశన్ గారు పలికిన తమిళం వింటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అందులో సందేహం లేదు. అయినా, ఆ మనిషి ఇంటికెళ్ళి తల్లితో మాట్లాడినప్పుడు కూడా అదే భాషా? అరవై ఏళ్ళు దాటాయి. నేను చూసిన తమిళ సినిమాల్లో తెలుగు వినబడితే ఎక్కువగా నవ్వులకోసమే వినబడింది. వడ్డీవ్యాపారి, విలన్, లేదా వచ్చీరాని తమిళంతో జనాన్ని నవ్వించే మనిషి.

పూమణి గారి ‘వెక్కై’ సంగతి చూడండి. 1982 నవల. చిదంబరం అనే పదిహేనేళ్ళ పిల్లవాడు అన్నను చంపించినవాడిని నరికి తండ్రితో కలిసి ఈ కొండల్లో, కంపల్లో దాక్కుంటాడు. దాన్ని వెట్రిమారన్ గారు 2019లో ‘అసురన్’గా తీసినప్పుడు కోవిల్‌పట్టి చుట్టుపక్కలే షూటింగు. ధనుష్ తండ్రి, కెన్ కరుణాస్ కొడుకు. సంగీతం మళ్ళీ మీ జి.వి. ప్రకాశే. ఆ సినిమా తెలుగులో ‘నారప్ప’ అయింది, వెంకటేశ్ గారు, ప్రియమణి గారు చేశారు, 2021 జూలైలో ఓటీటీలో వచ్చింది. కథని అనంతపురం వైపుకి మార్చారు, పిల్లవాడి పేరు సిన్నప్ప అయింది, రాయలసీమ యాసలో మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. అయితే మ్యాపు తీసి చూడండి. కోవిల్‌పట్టి నుంచి అనంతపురం దాకా ఒకటే రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి, ఏడు వందల కిలోమీటర్ల పైన. ఆ పిల్లవాడు తెలుగు మాట్లాడాలంటే అంత దూరం తీసుకెళ్ళాల్సి వచ్చింది. ‘అసురన్’ షూటింగు చూడటానికి కంపచెట్ల కింద గుమిగూడి నిలబడ్డ మా పిల్లల్లో తెలుగు పలికేవాళ్ళు ఎంతమందో!

మీ సినిమాలకే వస్తాను. ‘వెయిల్’లో పాండియమ్మగా నటించిన శ్రియా రెడ్డి తెలుగింటి ఆడపిల్ల, మన క్రికెటర్ భరత్ రెడ్డి గారి కూతురు. ‘అంగాడి తెరు’లో మా దక్షిణ జిల్లాల నుంచి చెన్నై రంగనాథన్ వీధి బట్టల కొట్టుకి పనికెళ్ళిన కని పాత్ర అంజలిది. ఆమె కోనసీమ రాజోలు వైపు పిల్ల. ఇద్దరూ ఆ పాత్రల్లో మునిగి నటించారు. ‘అంగాడి తెరు’లో పన్నెండో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు చదువు మానేసి పనిలో చేరతాడే, అది ఈ కరిసల్ ఇళ్ళలో ప్రతి ఏటా జరిగే సంగతి. ఆ సినిమా తెలుగులో ‘షాపింగ్ మాల్’ పేరుతో వచ్చినప్పుడు నేను పని కట్టుకుని చూశాను. గొంతులు తెలుగు, పెదాలు తమిళం. ఆ తెలుగు హైదరాబాదు స్టూడియో తెలుగు, మా అవ్వ నోట్లో ఎప్పుడూ ఆడని తెలుగు. రెండు తెలుగుల మధ్య ఇరుక్కున్నట్టనిపించింది. తెలుగు నటి, తెలుగు ఇళ్ళున్న నేల, తెలుగు డబ్బింగు, అన్నీ ఉన్నాయి. ఇక్కడి తెలుగు ఒక్కటే లేదు.

అందుకని నా విన్నపం ఇది. మళ్ళీ మీరు ఈ నేల మీద పదిహేనేళ్ళ పిల్లల కథ తీస్తే, ఒక్క ఇంటి లోపల మాటలు తెలుగులో ఉండనివ్వండి. వీధిలో తమిళమే. ఆ పిల్ల బడిలో తమిళంలో పద్యం అప్పజెప్పి, ఇంటికొచ్చి అవ్వతో తెలుగులో పోట్లాడుతుంది. తండ్రి తెలుగులో తిడతాడు, పోలీసు స్టేషన్లో అదే తండ్రి తమిళంలో బతిమాలుతాడు. మా పిల్లల బతుకంతా ఆ గుమ్మం దగ్గరే ఉంది. మంచి దర్శకుడికి ఇంతకన్నా మంచి గుమ్మం ఎక్కడ దొరుకుతుంది? కింద తమిళ అక్షరాలు వేస్తే చాలు.

నిర్మాతలు ఒప్పుకోరంటారేమో. ‘ప్రేమమ్’ 2015లో చెన్నైలో మలయాళంలోనే నెలల తరబడి ఆడింది, ఎవరూ డబ్బింగు అడగలేదు. 2024లో ‘మంజుమ్మెల్ బాయ్స్’ తమిళనాడంతా మలయాళంలోనే ఆడింది. కొచ్చిన్ దగ్గరి కుర్రాళ్ళు మలయాళం మాట్లాడుతుంటే, కొడైకెనాల్ వాళ్ళు తమిళం మాట్లాడుతుంటే, మా ఊరి హాల్లో జనం రెండూ విని ఏడ్చారు. తమిళ ప్రేక్షకుడు పక్క రాష్ట్రపు భాషకి చెవి ఒగ్గినప్పుడు పక్కింటి భాషకి ఒగ్గడా?

ఇంకొకటి, పని విధానం గురించి. నా హద్దు దాటుతున్నాననుకోకండి, మీ పని మీద గౌరవంతోనే చెబుతున్నాను. మన దగ్గర పిల్లల చేత నటింపజేసి, గొంతు స్టూడియోలో వేరేవాళ్ళ చేత చెప్పించడం మామూలు. ఒక్కోసారి పెద్ద ఆడవాళ్ళు పన్నెండేళ్ళ మగపిల్లవాడి గొంతు చెబుతారు. మా పిల్లల తెలుగు అలా చెప్పిస్తే పోతుంది, ఎందుకంటే దాన్ని స్టూడియోలో పలకగలిగేవాళ్ళు లేరు. ఫ్రాన్సులో త్రూఫో 1959లో ‘ది 400 బ్లోస్’ తీశాడు, అదీ ఇంట్లో ఇమడలేక పారిపోయిన పిల్లవాడి కథే. అందులో ఒక మనస్తత్వవేత్త ఆ పిల్లవాడిని ప్రశ్నలడిగే సీను ఉంది. పద్నాలుగేళ్ళ జాన్ పియర్ లియోకి రాసిన డైలాగులు ఇవ్వలేదు. అడిగితే తనకి తోచినట్టు చెప్పాడు. నసుగుతాడు, నవ్వుతాడు, టేబుల్ మీద చేతులతో ఆడుకుంటాడు. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ సీను నిన్న తీసినట్టుంటుంది. మా పిల్లల్ని పిలిచి అలా కూర్చోబెట్టండి. కోవిల్‌పట్టి హాకీ మైదానంలో సాయంత్రం పూట ఎంతమంది పిల్లలుంటారో మీకు తెలుసు. అగ్గిపెట్టెల కంపెనీల్లో తల్లులు పనికెళ్ళే ఇళ్ళ పిల్లలు, కడలై మిఠాయి (పల్లీపట్టి) వండే ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ఇంట్లో ఏమంటారో అడగండి. మొదట సిగ్గుపడతారు. ఇంటి మాట బయట మాట్లాడకూడదని వాళ్ళకి ఎవరూ చెప్పకపోయినా తెలుసు. కాసేపు ఆగితే మాట్లాడతారు. అక్కడే లొకేషన్లోనే ఆ గొంతు పట్టుకోండి.

ఆలస్యం చేయవద్దని కూడా అడుగుతున్నాను. మీ ‘వెయిల్’ వచ్చిన 2006లోనే రాష్ట్రంలో తమిళాన్ని బళ్ళలో తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తమిళం నాకు అన్నం పెట్టిన భాష, నా పిల్లలు తమిళంలోనే చదివారు. నేనెరిగినంతలో మా ప్రాంతంలో అంతకుముందు కూడా తెలుగు బడి లేదు. కాకపోతే ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలకి ఇప్పుడు పెళ్ళిళ్ళయి పిల్లలు పుడుతున్నారు. వాళ్ళు తమ పిల్లలతో ఇంట్లో కూడా తమిళమే మాట్లాడుతున్నారు. ఏ చట్టమూ చెప్పలేదు వాళ్ళకి, తెలుగు నేర్పితే పిల్లవాడు బడిలో వెనకబడతాడని భయం. మా వీధిలో ఐదేళ్ళ పిల్లలకి అవ్వ మాట అర్థమవుతుంది, బదులు మాత్రం తమిళంలో ఇస్తారు. వాళ్ళకి పదిహేనేళ్ళు వచ్చేసరికి మీరు కెమెరా పెట్టినా పట్టుకోవడానికి గొంతు ఉండదు.

సంభాషణలకి సాయం కావాలంటే ఇడైసెవల్‌లో అడగండి, ఎట్టయపురంలో అడగండి. విరుదునగర్‌లో మీ ఇంటి నుంచి బయటికొచ్చి అడిగినా చాలు. ప్రతి వీధిలో ఒక ముసలావిడ దొరుకుతుంది. మీరు తమిళంలో అడిగితే తమిళంలోనే జవాబిస్తుంది. మీతో ఒక తెలుగింటి పిల్లని తీసుకెళ్ళండి, అప్పుడు మాట మారుతుంది.

గౌరవంతో,
కోవిల్‌పట్టి నుంచి మీ ప్రేక్షకురాలు